సికేచర్‌కి తోలు ఒర: ఇంట్లో చేత్తో కుట్టుకునే పద్ధతి

రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక, బుర్రిలంక వైపు నర్సరీల్లో పనిచేసే ఎవరి దగ్గరైనా సికేచర్, అంటే కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర, ఉంటుంది. అది చేతిలో లేనప్పుడు ఎక్కడ ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? లుంగీ మడతలో, చొక్కా జేబులో మొన పైకి తేలి, లేకపోతే ఏదో మొక్క సంచీ మీద, అక్కణ్ణుంచి సాయంత్రానికి ఎవరికీ కనపడకుండా పోతుంది. రెగ్జిన్‌తో చేసిన ఒరలు దొరుకుతాయి కానీ మన తేమకి పైపొర ఊడిపోయి లోపలి గుడ్డ బయటపడుతుంది. తోలుతో ఒకటి కుట్టుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, కుట్టడం కూడా అనుకున్నంత కష్టమేం కాదు, రెండు ఆదివారాలు ఖాళీ పెట్టుకుంటే చాలు. నేను వృత్తిగా తోలుపని చేసేవాణ్ణి కాదండి, సరదాకి పట్టుకున్నాను, కాబట్టి ఇక్కడ రాసేదంతా ఇంటి వరండాలో చాప పరుచుకుని చేసుకోగలిగేదే.

తుపాకీ ఒర చేసేవాళ్ళు వాడే పద్ధతి కూడా చాలావరకు ఇదే. తోలు తడిపి లోపల పెట్టే వస్తువు ఆకారానికి నొక్కడం, రెండు సూదులతో కుట్టడం, అంచులు నునుపు చెయ్యడం, అన్నీ అవే. అక్కడ ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోవాలి, ఇక్కడ బ్లేడు మొన పూర్తిగా మూసుకుపోవాలి. మనకి రోజూ చేతిలో ఉండేది సికేచర్ కాబట్టి దాని మీదే చెప్తాను.

ముందు తోలు సంగతి, ఎందుకంటే ఇక్కడ తప్పితే తర్వాత ఎంత బాగా కుట్టినా లాభం లేదు. తోళ్ళు ఊనే, అంటే పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా తోలుగా మార్చే పద్ధతులు ప్రధానంగా రెండు. క్రోమియం లవణాలతో ఊనేది ఒకటి, చెట్ల బెరడు, కాయల కషాయంతో ఊనేది రెండోది. సోఫాలు, హ్యాండ్‌బ్యాగులు, మెత్తని షూల పైభాగాలు ఎక్కువగా క్రోమ్ తోలే. అది మెత్తగా ఉంటుంది, తడిపి ఏ ఆకారానికి నొక్కినా ఆరగానే మళ్ళీ పాత చోటికే వచ్చేస్తుంది, ఒరకి పనికిరాదు. మనకి కావలసింది రెండోది, వెజిటబుల్ ట్యాన్డ్ అని అడిగితే ఇస్తారు. మన చేల గట్ల మీద కనిపించే తంగేడు చెక్కకీ కరక్కాయకీ దక్షిణాదిలో తోళ్ళు ఊనడంలో పెద్ద చరిత్రే ఉంది. తమిళనాడులో ఈస్టిండియా తోలు అనే పేరుతో భౌగోళిక గుర్తింపు పొందిన రకం కూడా ఇలా చెట్ల కషాయంతో ఊనిందే.

షాపులో ఏది ఏదో తేల్చుకోవడానికి మూడు గుర్తులు. కోసిన అంచు చూడండి: లోపలంతా లేత గోధుమరంగులో ఒకే తీరుగా ఉంటే మనది, మధ్యలో నీలం బూడిద రంగు గీత కనిపిస్తే క్రోమ్. ఓ మూల నీటిచుక్క వేస్తే మనది వెంటనే పీల్చుకుని ముదురు రంగుకి తిరుగుతుంది. ఆ తడిసిన చోట గోటితో నొక్కితే గుర్తు అలాగే ఉండిపోవాలి. పైన రంగూ పాలిషూ పట్టించిన ముక్కలకి ఈ నీటి పరీక్ష పనిచెయ్యదు, అందుకే రంగూ పాలిషూ వెయ్యని తోలే అడగండి.

మందం 3 మిల్లీమీటర్లు ఉండాలి. 2 అయితే ఆకారం నిలవదు, 4 దాటితే ఆరెతో (తోలుకి కన్నాలు పొడిచే పనిముట్టు) పొడవడానికే చేతులు నొప్పి పుడతాయి. ఆన్‌లైన్‌లో మందం ఔన్సుల్లో రాస్తారు, ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మి.మీ., కాబట్టి 7 నుంచి 8 ఔన్సులది వెతకండి. గేదె తోలైనా ఫరవాలేదు, పైన గరుకుగా కనిపిస్తుంది కానీ గట్టిది. తోలు చదరపు అడుగు లెక్కన అమ్ముతారు, ఒక ఒరకి ఒకటిన్నర అడుగు తీసుకుంటే పాడైనా మళ్ళీ కోసుకోవడానికి మిగులుతుంది. చెన్నై వెళ్ళే పని ఉంటే సెంట్రల్‌కీ ఎగ్మూరుకీ దగ్గరలోనే పెరియమేట్ ఉంది, తోలు వ్యాపారమంతా అక్కడే, చేత్తో తడిమి చూసి తెచ్చుకోవచ్చు. ఊళ్ళో చెప్పులు కుట్టే పెద్దాయన ఎవరైనా ఉంటే ముందు ఆయన్ని అడగండి. ముక్క దొరికినా దొరక్కపోయినా ఆరె ఎలా పట్టుకోవాలో ఆయన చెయ్యి చూసి పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు, ఏ వీడియో చూసినా అంత తొందరగా రాదు.

పనిముట్లు ఎక్కువ కొనక్కర్లేదు. పదునైన కటర్, స్టీలు స్కేలు, ఆరె, మొన మొద్దుగా ఉండే పెద్ద సూదులు రెండు, 0.8 లేదా 1 మి.మీ. మైనం పట్టించిన పాలియెస్టర్ దారం, చెప్పులకి వాడే రబ్బరు సొల్యూషన్, ఉప్పు కాగితం, తేనెమైనం ముక్క, బట్టలారేసే క్లిప్పులు. కుట్ల దూరం సమంగా రావడానికి పళ్ళ ఫోర్కు ఒకటి అమ్ముతారు, 4 లేదా 5 మి.మీ. ఎడం ఉన్నది తీసుకోండి. అది లేకపోతే స్కేలు పెట్టి పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకున్నా సరిపోతుంది, ఓపిక ఉండాలంతే.

ఇక డిజైను. ఒర అంటే వెనక ఒకటి, ముందు ఒకటి, రెండు తోలు ముక్కలు కలిపి కుట్టడమే. ఆన్‌లైన్‌లో కనిపించే ఒరలన్నీ నిలబడి ప్యాంటు, బెల్టుతో పనిచేసే వాళ్ళ కోసం చేసినవి. మన నర్సరీల్లో సగం పని గొంతుక్కూర్చునే చేస్తారు. నడుముకి బిగుతుగా అతుక్కున్న పొడవాటి ఒర కూర్చోగానే తొడలోకి పొడుచుకుంటుంది, పిడి పొట్టలోకి వస్తుంది. దీనికి మందు రెండు రకాలు. ఒర బెల్టుకి ఆనుకుని కాకుండా ఐదారు సెంటీమీటర్లు కిందికి వేలాడేలా వెనక ముక్కకి పైన పొడవాటి నాలుక (బెల్టు మీదుగా మడిచి కుట్టే పట్టీ) వదలాలి, కూర్చున్నప్పుడు అదే వంగి పక్కకి తప్పుకుంటుంది. రెండోది, పక్కన కాకుండా పిరుదు వైపు కాస్త వెనక్కి తగిలించుకోవడం. ఇక బెల్టు మాటంటారా, లుంగీ కట్టుకున్న వాళ్ళకి బెల్టెక్కడిది, చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని పనిచేసే ఆడవాళ్ళకి అసలే లేదు. కాబట్టి మంచాలకి నేసే నవారు మీటరున్నర తీసుకుని చివర ప్లాస్టిక్ బకిల్ కుట్టేస్తే నడుం పట్టీ తయారు, ఎవరికైనా సరిపోతుంది, తడిసినా ఉతుక్కోవచ్చు. దాని వెడల్పు ముందే కొలుచుకోండి, నాలుక మడత ఆ వెడల్పు కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండాలి.

అట్ట మీద నమూనా గీయకుండా తోలు కొయ్యకండి. పాత పెళ్ళికార్డు అట్ట దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. సికేచర్ మూసి లాక్ వేసి అట్ట మీద పెట్టి చుట్టూ గీయండి. మామూలు 8 అంగుళాల సికేచర్‌కి బ్లేడు, బోల్టు, స్ప్రింగు అన్నీ లోపలికి వెళ్ళి, పిడి మాత్రం 8 సెంటీమీటర్లు బయట ఉండాలి. స్ప్రింగు లోపలికి వెళ్ళడం ముఖ్యం, ఎందుకంటే పనిలో ఎవరూ ప్రతిసారీ లాక్ వెయ్యరు, అప్పుడు పిడులు విచ్చుకోకుండా ఒర గోడలే పట్టుకుని ఉంచాలి.

వెనక ముక్క బల్లపరుపుగా ఉంటుంది. గీసిన గీత చుట్టూ 2 సెంటీమీటర్లు వదిలి, పైన నాలుకకి ఇరవై సెంటీమీటర్లు కలిపి గీయండి, మడిచి కిందికి తెచ్చి కుట్టాలి కదా. ముందు ముక్క మాత్రం ఇప్పుడే కొలతకి కొయ్యొద్దు. అది సికేచర్ మందం మీదుగా ఎక్కి దిగాలి కాబట్టి ఎంత తోలు తింటుందో లెక్కలో చెప్పడం కష్టం, బోల్టు దగ్గర ఒకలా మొన దగ్గర ఒకలా ఉంటుంది. గీతకి చుట్టూ 5 సెంటీమీటర్లు పెద్దగా కోసుకుని, ఆకారం వచ్చాక అంచులు కత్తిరించుకోవడమే సుఖం. కోసేటప్పుడు ఒక్క వేటులో తెగ్గొట్టాలని చూడకండి, స్కేలు గట్టిగా పట్టుకుని రెండు మూడు సార్లు లాగితే అంచు నిటారుగా వస్తుంది. స్కేలు పట్టుకున్న చేతి వేళ్ళు కటర్ దారికి అడ్డంగా ఉండకూడదు.

తోలుకి ఆకారం ఇవ్వడమే ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చేది. ఒక చెక్క పలక తీసుకోండి. సికేచర్‌కి ఒక పొర పాలిథీన్ కవరు బిగుతుగా చుట్టి టేపు వెయ్యండి. ఇది మానేస్తే రెండు నష్టాలు: ఇనుము తుప్పు పడుతుంది, పైగా తడి తోలులో ఉన్న టానిన్‌కి (ఊనేటప్పుడు చెట్ల కషాయంలోంచి తోలులోకి చేరే పదార్థం) ఇనుము తగిలిన ప్రతిచోటా నల్లమచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. ముందు ముక్కని బకెట్‌లో మామూలు నీళ్ళలో ముంచండి, బుడగలు వస్తాయి, అవి ఆగగానే తీసెయ్యాలి. వేడి నీళ్ళు వద్దు, బాగా కాగిన నీళ్ళకి తోలు ముడుచుకుపోయి పెళుసు అవుతుంది. తీసిన వెంటనే కాకుండా, పైన తడి మెరుపు పోయి అసలు రంగు కొంచెం తిరిగి వస్తుండగా పని మొదలుపెట్టాలి. ముట్టుకుంటే చల్లగా, వంచితే గట్టి అట్టలా కాకుండా పూరీ పిండిలా లొంగాలి, అదీ గుర్తు.

సికేచర్‌ని పలక మీద పెట్టి, తోలు నునుపు వైపు పైకి ఉండేలా కప్పి, మధ్యనుంచి బయటికి బొటనవేళ్ళతో నొక్కుకుంటూ రండి. గోళ్ళు తగలనివ్వకండి, గోటి గీత కూడా శాశ్వతమే. బోల్టు గుండ్రం, పిడి వంపు కనిపించేదాకా స్టీలు చెంచా వెనక వైపుతో రుద్దండి. చెంచా స్టెయిన్‌లెస్ స్టీలుదైతే మచ్చ పడదు. మొనవైపు ఎక్కువ నొక్కొద్దు, అక్కడ కాస్త వదులుంటేనే చెత్త ఇరుక్కోదు. మూతి దగ్గర కూడా కొంచెం వెడల్పు ఉంచండి, చూడకుండానే ఒంటి చేత్తో లోపలికి దించగలగాలి. సికేచర్ చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు అంచు బల్లపరుపుగా అణిచి, దాని బయట, ఎలాగూ కత్తిరించి పారేసే చోట, చిన్న మేకులు కొట్టి బిగించండి.

ఆరడానికి తొందరపడకండి. ఎండలో పెడితే పైన పగుళ్ళు వస్తాయి, హెయిర్ డ్రయ్యర్ కూడా అంతే. నీడలో, ఫ్యాన్ కింద. వేసవిలో ఒక రోజులో ఆరిపోతుంది, శ్రావణ భాద్రపదాల్లో గోదావరి నిండుగా ఉండి గోడలే చెమర్చే రోజుల్లో రెండు మూడు రోజులు పడుతుంది. సగం ఆరాక సికేచర్ బయటికి తీసేసి, తోలుని మాత్రం పలక మీదే ఉంచితే లోపలికి కూడా గాలి తగులుతుంది, లేకపోతే లోపల బూజు మొదలవుతుంది. అసలు వానాకాలంలో మొదలుపెట్టడమే అంత మంచిది కాదు, సంక్రాంతి దాటాక చేస్తే హాయి.

ఆరిన ముందు ముక్క చిన్న పడవలా గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు కనిపించని భాగం, చాలామంది వదిలేసేది, మధ్య పట్టీ. వెనక ముక్కకీ ముందు ముక్కకీ మధ్య అంచు పొడుగునా ఒక సెంటీమీటరు వెడల్పు తోలు పట్టీ అతికించాలి. ఇది లేకపోతే బ్లేడు దిగిన ప్రతిసారీ కుట్టు దారానికే తగులుతుంది, కొన్నాళ్ళకి దారం తెగుతుంది. పట్టీ ఉంటే బ్లేడు ముందు తోలుని గీరుకుంటుంది, దారం దాకా పోదు. కోసినప్పుడు మిగిలిన ముక్కల్లోంచే పట్టీ తీసుకోవచ్చు. అడుగున మొన దగ్గర మాత్రం పట్టీ వెయ్యకుండా, కుట్టు కూడా వెయ్యకుండా, చిటికెన వేలు చివర పట్టేంత ఖాళీ వదలండి. నర్సరీలో పొద్దునే పైపుతో నీళ్ళు కొడతారు, సికేచర్ తడిగా లోపలికి వెళ్తుంది, ఆకు ముక్కలు, మట్టి, క్రోటన్ల పాలు అన్నీ లోపలికే. దిగిపోవడానికి దారి లేకపోతే ఒర అడుగు కుళ్ళుతుంది, దానితోపాటు బ్లేడు మొన తుప్పు పడుతుంది.

నాలుకని ముందు విడిగా మడిచి కుట్టెయ్యండి, రెండు ముక్కలూ కలిశాక అక్కడ చెయ్యి పట్టదు. అక్కడ నీళ్ళతో కొద్దిగా తడిపి మడిస్తే పగలదు. కుట్టు పెట్టె ఆకారంలో వేసి మధ్యలో ఒక గుణకారం గుర్తు కుడితే బరువంతా అదే మోస్తుంది.

జిగురు సంగతి తేలికే. అతికే రెండు వైపులా ఉప్పు కాగితంతో గరుకు చేసి, రెండింటికీ పల్చగా సొల్యూషన్ రాసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటీ అంటకుండా ఉన్నప్పుడు నొక్కండి. కిటికీలు తీసి పెట్టుకోండి, ఆ వాసన తలనొప్పి తెస్తుంది, పక్కన స్టవ్ వెలుగుతూ ఉండకూడదు. జిగురు ఆరాక మూడు పొరలూ కలిపి ఒకేసారి కటర్‌తో అంచు కత్తిరిస్తే అన్నీ సమంగా వస్తాయి.

కుట్టుకి వద్దాం. అంచునుంచి 5 మి.మీ. లోపల గీత గీసి, ఫోర్కుతో గుర్తులు వేసి, ఆరెతో కన్నాలు పొడవాలి. మూడు పొరలు అంటే 9 మి.మీ. మందం, కాబట్టి ఆరె నిటారుగా వెళ్ళకపోతే వెనకవైపు కుట్టు పాములా వంకర తిరుగుతుంది. ముందు నుంచి చూస్తే బాగానే ఉందనిపిస్తుంది, తిప్పి చూస్తే అప్పుడు తెలుస్తుంది. ఆరె మొనకి తేనెమైనం రాస్తే సులువుగా దిగుతుంది. వెనక చెయ్యి అడ్డం పెట్టకండి, పాత రబ్బరు చెప్పు ముక్క పెట్టి దాన్లోకి పొడవండి.

దారం పొడవు, కుట్టు గీతకి నాలుగు రెట్లు. మందం ఎక్కువ కాబట్టి ఇంకో మూర కలుపుకోండి, మధ్యలో అయిపోతే అతుకు అందంగా ఉండదు. రెండు కొసలకీ చెరో సూది ఎక్కించి, మొదటి కన్నంలో దూర్చి, దారం రెండువైపులా సమం చెయ్యండి. తర్వాత ప్రతి కన్నంలోనూ ముందు ఎడమ సూది, దాని తర్వాత అదే కన్నంలో కుడి సూది, ఒకదాని దారాన్ని ఇంకో సూది గుచ్చకుండా చూసుకుంటూ, ఆపైన రెండు కొసలూ ఒకేసారి ఒకే బలంతో లాగడం. ఏ సూది ముందో ఒకసారి నిర్ణయించుకుంటే చివరిదాకా అదే వరస, మారిస్తే కుట్ల వాలు మారిపోతుంది. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి, ఒకచోట తెగితే వరసగా ఊడిపోతూ వస్తుంది. ఈ కుట్టులో రెండు దారాలూ ప్రతి కన్నంలోనూ అటూ ఇటూ దాటుతాయి, ఒకటి తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. పొలం పనికి మిషను కుట్టు వద్దనేది అందుకే.

మూతి దగ్గర మొదలుపెట్టినప్పుడు రెండు కుట్లు, ముగించినప్పుడు మూడు కుట్లు వెనక్కి వెయ్యండి. అడుగున వదిలిన ఖాళీ దగ్గర కూడా అంతే, అక్కడ కుట్టు ఆగిపోతుంది కాబట్టి నిజానికి ఇది రెండు వేరు వేరు కుట్లు. పాలియెస్టర్ దారం కొసలు లైటర్‌తో కరిగించి నొక్కేస్తే సరి. పట్టుకోవడానికి స్టాండు లేకపోతే రెండు చెక్కల మధ్య ఒరని పెట్టి మోకాళ్ళతో బిగించుకోండి.

అంచులు: 220 నంబరు ఉప్పు కాగితం, ఆ తర్వాత 400, ఆ తర్వాత 600. కొద్దిగా తడి చేసి, పాత జీన్సు గుడ్డతో వేడి పుట్టేదాకా రుద్దితే మూడు పొరలూ ఒకే పొరలా మెరుస్తాయి. తుమ్మబంక నీళ్ళు పల్చగా రాసి రుద్దితే ఇంకా తొందరగా వస్తుంది. చివర్లో తేనెమైనం. ఇది ఎంత చేసినా తనివి తీరదు, ఎక్కడో ఒకచోట ఆపెయ్యాలి.

రంగు ఇష్టమైతేనే. నల్లరంగు కావాలంటే కొనక్కర్లేదు: గిన్నెలు తోమే ఇనుప పీచుని వెనిగర్‌లో వారం నానబెట్టండి, మూత బిగించొద్దు, గ్యాసు వస్తుంది. వడగట్టి రాస్తే తోలులోని టానిన్‌తో కలిసి కళ్ళ ముందే నల్లబడుతుంది. పెడన కలంకారీలో నలుపు వచ్చేది ఈ సూత్రం మీదే, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద బెల్లం నీళ్ళలో ఇనుము ఊరబెట్టిన కషాయం వేస్తారు. రాశాక వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి తుడిచి, మంచినీళ్ళతో తుడిచి ఆరబెట్టాలి. లోపలివైపు మాత్రం రాయకండి, ఆ పులుపు బ్లేడుకి పడదు. నామటుకు నాకు రంగు వెయ్యనిదే ఇష్టం, చెయ్యి తగిలి తగిలి దానంతటదే తేనె రంగుకి వస్తుంది.

చివరి పూత గురించి అందరూ అడుగుతారు, ఇంట్లో కొబ్బరినూనె ఉంది కదా రాసెయ్యమా అని. కోనసీమ పక్కనే ఉండి కొబ్బరినూనె వద్దనడం కష్టమే కానీ, ఏ నూనె అయినా ఎక్కువ పట్టిస్తే తోలు మెత్తబడి, మీరు అంత కష్టపడి తెచ్చిన ఆకారం జారిపోతుంది. పూర్వం చెప్పులకి ఆముదం పట్టించేవాళ్ళు, చెప్పు మెత్తగా ఉండాలి కాబట్టి. ఒర గట్టిగా ఉండాలి. తేనెమైనం ఒక వంతు, ఆముదం రెండు వంతులు వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, నేరుగా స్టవ్ మీద కాదు, చల్లారి పేస్టులా అయ్యాక గుడ్డతో పల్చగా ఒక్క పూత బయటివైపు రాయండి. ఆరేడు నెలలకోసారి మళ్ళీ.

వాడేటప్పుడు ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి: రాత్రి సికేచర్‌ని ఒరలో వదలొద్దు. తోలు గాలిలో తేమ పీల్చుకుంటుంది, టానిన్ ఆమ్ల గుణం ఉన్న పదార్థం, రెండూ కలిస్తే తెల్లారేసరికి బ్లేడు మీద మచ్చలు కనిపిస్తాయి. సాయంత్రం బ్లేడు తుడిచి, చుక్క నూనె వేసి మేకుకి తగిలించండి, ఒరని విడిగా గాలి తగిలే చోట వేలాడదియ్యండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచారో, వానాకాలంలో బూజు ఖాయం. బూజు పడితే భయం లేదు, వెనిగరూ నీళ్ళూ సగం సగం కలిపిన గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టి మళ్ళీ మైనం పూత వెయ్యండి. కొత్తలో బిగుతుగా ఉండి సికేచర్ రావడానికి మొరాయిస్తే లోపల నూనె పొయ్యకండి, సికేచర్‌కి రెండు పొరలు కవరు చుట్టి ఒక రాత్రి లోపల పెడితే సర్దుకుంటుంది. ఇది అయ్యాక అంటుకత్తికి కూడా ఒకటి కుట్టాలనిపిస్తుంది, అప్పుడు ఇదే కొలతల పద్ధతి, కాకపోతే దాని అంచు సికేచర్ కన్నా చాలా పదును కాబట్టి మధ్య పట్టీ రెండు పొరలు వెయ్యండి, నాలుక పొట్టిగా పెట్టండి.